ఓవరాలింగ్ చేసిన పాత పికప్ మొరాయిస్తుంటే: కార్బురేటర్ జోలికి వెళ్లేముందు చూడాల్సినవి

ఇంజన్ దించి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి మళ్లీ బండిలో కూర్చోబెట్టాక అది సరిగ్గా నడవకపోతే, ఎవరి చేయైనా ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. బోనెట్ ఎత్తగానే కనబడేది అదే, తిప్పడానికి స్క్రూలున్నదీ దానికే. నాలుగు స్క్రూలు అటూ ఇటూ తిప్పాక అసలు సమస్య అలాగే ఉంటుంది, పైగా కార్బురేటర్ సెట్టింగ్ కూడా పోతుంది.

అరిగిపోయిన ఇంజన్‌కు, కొత్తగా కట్టిన ఇంజన్‌కు వచ్చే జబ్బులు వేరు. మొదటిదాంట్లో ఏది పాడైందా అని వెతుకుతాం. రెండోదాంట్లో ఏది తప్పుగా బిగించారు, ఏ సంవత్సరం పార్టును ఏ సంవత్సరం పార్టుతో కలిపారు, ఏ గుర్తును సరిచూడకుండా నమ్మేశారు అని వెతకాలి. యాభై ఏళ్ల బండి మీద ఎన్ని చేతులు పడ్డాయో, ఏ ముక్క ఏ ఇంజన్‌లోంచి వచ్చిందో చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి పాత పికప్‌లలో ఈ రెండో రకానిదే రాజ్యం.

ఇక్కడి లెక్కలు ఎక్కువగా 1967–72 షెవర్లే సి-10 బండ్లలో కనబడే 350 క్యూబిక్ అంగుళాల (5.7 లీటర్లు) స్మాల్ బ్లాక్ వీ8కు సంబంధించినవి. ఫోర్డ్ ఎఫ్-100కు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

కరెంటు సరిగ్గా అందుతోందా

మల్టీమీటర్‌తో మొదలుపెట్టండి. బండిని అందంగా పెయింట్ చేయించాక ఎక్కువగా దెబ్బతినేది ఎర్త్. ఫ్రేముకు పౌడర్ కోటింగ్, బ్లాకుకు రంగు, ఫైర్‌వాల్‌కు కొత్త పెయింటు ఉంటాయి, ఎర్త్ పట్టీ మాత్రం ఆ రంగు మీదే బిగించి ఉంటుంది. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, రెండోది బ్లాకు మీద రంగు లేని చోట ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. అలాగే ఇంజన్ నడుస్తుండగా బ్లాకుకు, క్యాబిన్ బాడీకి మధ్య కూడా చూడండి. గేజీల ముళ్లు హెడ్‌లైట్లు వేయగానే కదులుతున్నాయంటే ఇదే కారణం. పట్టీ కూర్చునే చోట రంగు గీకి, లోహం తేలాక బిగిస్తే సరిపోతుంది.

తర్వాత కాయిల్‌కు వచ్చే వోల్టేజి. పాయింట్లతో (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు) పనిచేసే అసలు సిస్టమ్‌లో కీ ‘ఆన్’లో ఉన్నప్పుడు కాయిల్‌కు పూర్తి 12 వోల్టులు రావు. మధ్యలో గుడ్డ తొడుగున్న రెసిస్టెన్స్ వైరు ఉంటుంది, అది కొంత వోల్టేజిని తినేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం స్టార్టర్ సోలినాయిడ్ నుంచి వేరే వైరు ద్వారా పూర్తి వోల్టేజి వస్తుంది. ఈ ఏర్పాటు తెలిస్తే రెండు జబ్బులు వెంటనే దొరుకుతాయి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజన్ అందుకుని, కీ వదలగానే ఆగిపోతుంటే ఆ రెసిస్టెన్స్ వైరు గానీ, దానికి కరెంటిచ్చే దారి గానీ తెగింది. రెండోది ఇంకా మామూలు. పాయింట్లు తీసేసి 1970ల మధ్యలో వచ్చిన హెచ్‌ఈఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ రకం) డిస్ట్రిబ్యూటర్ పెట్టి, దానికి పాత రెసిస్టెన్స్ వైరే తగిలిస్తారు. హెచ్‌ఈఐకి పూర్తి బ్యాటరీ వోల్టేజి కావాలి. అది అందకపోతే స్లోలో బాగానే ఉండి, రేజ్ చేస్తే మిస్ కొడుతుంది. ఇంజన్ నడుస్తుండగా హెచ్‌ఈఐ క్యాప్ మీద ‘బ్యాట్’ టెర్మినల్ దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గరున్నంత వోల్టేజి, అంటే 13.5 నుంచి 14.5 దాకా, అక్కడా రావాలి. 9, 10 వస్తే ఫ్యూజ్ బాక్స్‌లో ఇగ్నిషన్ మీద పనిచేసే పాయింట్ నుంచి కొత్త మందపాటి వైరు లాగండి.

అదే డిస్ట్రిబ్యూటర్ లోపల పికప్ కాయిల్ వైర్లు వాక్యూమ్ అడ్వాన్స్‌తో (ఇంజన్ వాక్యూమ్‌తో స్పార్కును ముందుకు జరిపే భాగం) పాటు ప్రతిసారీ కదులుతుంటాయి కాబట్టి ఇన్సులేషన్ లోపలే తెగిపోతాయి. ఆ కాయిల్ రెసిస్టెన్స్ 500 నుంచి 1500 ఓమ్‌ల మధ్య ఉండాలి. మీటర్ పెట్టి ఉంచి వైర్లను కదిపి చూడండి, అంకె ఎగిరితే మార్చాల్సిందే. మాడ్యూల్ (కాయిల్ కరెంటును నడిపే ఎలక్ట్రానిక్ ముక్క) కింద వేడిని లాగే పేస్టు రాయకుండా బిగిస్తే అది వేడెక్కి, బండి పది పదిహేను నిమిషాలు నడిచాక ఆగి, చల్లారాక మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది.

ఆ గుర్తు నిజంగా టీడీసీనేనా

టైమింగ్ లైట్ పట్టుకునే ముందు, అది చూపించే గుర్తు నిజంగా టీడీసీదో (టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) కాదో తేల్చాలి. క్రాంక్ ముందుండే బ్యాలెన్సర్ రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు. రబ్బరు పాతబడితే బయటి రింగు జారి, దాని మీదున్న గీత స్థానం మారుతుంది. కొత్త బ్యాలెన్సర్ వేసినా ప్రమాదం పోదు. స్మాల్ బ్లాక్‌లో బ్యాలెన్సర్ గీత కీవే (క్రాంక్ మీద దాన్ని పట్టి ఉంచే గాడి) నుంచి ఎంత కోణంలో ఉంటుందో, టైమింగ్ కవర్ మీద స్కేలు ఎక్కడ ఉంటుందో సంవత్సరాన్ని బట్టి మారింది. ఒక సంవత్సరం కవర్‌కు ఇంకో సంవత్సరం బ్యాలెన్సర్ జతపడితే లైట్‌లో 8 డిగ్రీలు కనబడుతున్నా అసలు టైమింగ్ ఎంతో పక్కకు ఉండొచ్చు. లైట్ ప్రకారం సెట్ చేస్తే పికప్ ఉండదు, వేడెక్కుతుంది. చెవితో సెట్ చేస్తే హాయిగా నడుస్తుంది. ఇలా ఉంటే గుర్తునే అనుమానించండి.

సరిచూసే పద్ధతి ఇది. బ్యాటరీ తీసేయండి, ప్లగ్గులన్నీ విప్పండి. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించండి. క్రాంక్ బోల్టుకు పొడవాటి హ్యాండిల్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ వచ్చి స్టాప్‌ను తాకగానే ఆపి, స్కేలు సున్నాకు ఎదురుగా బ్యాలెన్సర్ మీద గీత గీయండి. ఇప్పుడు వెనక్కి తిప్పండి, రెండోవైపు తాకినచోట ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా మధ్య బిందువే అసలైన టీడీసీ. అది ఫ్యాక్టరీ గీతతో కలిస్తే సంతోషం. కలవకపోతే టేపుతో కొలిచి కొత్త గీత పెట్టుకోండి. 8 అంగుళాల బ్యాలెన్సర్ చుట్టూ ఒక డిగ్రీ అంటే సుమారు 0.07 అంగుళం, 6.75 అంగుళాలదైతే సుమారు 0.06. సెల్ఫ్‌తో మాత్రం తిప్పకండి, పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

గీత నిజమని తేలాక, వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసేసి స్లోలో 8 నుంచి 12 డిగ్రీలు పెట్టండి. కానీ చూడాల్సిన అసలు అంకె స్లోలోది కాదు, 3000 ఆర్‌పీఎం దగ్గరిది. అక్కడ మొత్తం 34–36 డిగ్రీలు రావాలి. స్లోలో 10 ఉండి పైకి రేజ్ చేస్తే 20 దగ్గరే ఆగిపోతుంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నట్టే.

చుక్కకు చుక్క కలిపితే వచ్చే తిప్పలు

కొత్తగా కట్టిన స్మాల్ బ్లాక్ అసలు స్టార్టవకుండా కార్బురేటర్‌లోంచి మంట ఉమ్ముతుంటే డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరిగి ఉందేమో చూడండి. టైమింగ్ చైన్ వేసేటప్పుడు క్రాంక్ గేర్ చుక్కను పైకి, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) గేర్ చుక్కను కిందికి పెట్టి రెండూ ఎదురెదురుగా కలుపుతాం. చాలామంది ఆ స్థితిలో ఒకటో సిలిండర్ ఫైరింగ్‌లో ఉందనుకుని రోటర్‌ను ఒకటో వైరు వైపు పెట్టేస్తారు. నిజానికి ఆ స్థితిలో ఫైరింగ్‌కు సిద్ధంగా ఉన్నది ఆరో సిలిండర్. ఒకటి, ఆరు పిస్టన్లు రెండూ ఒకేసారి పైకి వస్తాయి కాబట్టి బ్యాలెన్సర్ గీత చూసి ఏది ఏదో చెప్పలేం. ఒకటో ప్లగ్ విప్పి రంధ్రం మీద వేలు పెట్టి క్రాంక్ తిప్పండి. గాలి వేలిని బయటికి తోస్తూ గీత సున్నాకు వస్తే అదే ఫైరింగ్ స్ట్రోక్.

వైర్ల వరుస 1-8-4-3-6-5-7-2, రోటర్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. డ్రైవర్ వైపు (ఈ అమెరికా బండ్లలో ఎడమ) ముందు నుంచి 1, 3, 5, 7. అవతలివైపు 2, 4, 6, 8. ఈ వరుసలో 5 తర్వాత వెంటనే 7 వస్తుంది, ఆ రెండు సిలిండర్లూ పక్కపక్కనే ఉంటాయి. వాటి వైర్లు ఒకదాన్నొకటి ఆనుకుని సమాంతరంగా వెళ్తే ఐదో వైరు కరెంటు ఏడో వైరులోకి ప్రేరేపితమై ఏడో సిలిండర్ వేళ కాని వేళ మండుతుంది. బరువు మీద చిన్న మిస్, ఒక్కోసారి టకటక శబ్దం. వాటిని దూరంగా పెట్టండి, లేదా ఒకదాని మీదుగా ఇంకోటి అడ్డంగా వెళ్లనివ్వండి.

ఫోర్డ్‌లో డిస్ట్రిబ్యూటర్ అపసవ్యంగా తిరుగుతుంది. ప్రయాణికుడి వైపు 1, 2, 3, 4, డ్రైవర్ వైపు 5, 6, 7, 8. పాత 302 వరుస 1-5-4-2-6-3-7-8. కానీ 351 విండ్సర్‌ది, ఆ తర్వాతి 5.0 హెచ్‌ఓది 1-3-7-2-6-5-4-8. ఓవరాలింగ్‌లో 302కు హెచ్‌ఓ రకం క్యామ్ వేసి, వైర్లు మాత్రం పాత వరుసలో తగిలిస్తే నాలుగు సిలిండర్లు సరిగ్గానే మండుతాయి, మిగతా నాలుగు మండవు. ఇంజన్ స్టార్టయి, వణుకుతూ, ఉమ్ముతూ నడుస్తుంది. బ్లాకు మీద ఏం రాసి ఉందన్నది ఇక్కడ పనికిరాదు, వరుసను నిర్ణయించేది క్యామ్.

కంప్రెషన్ అన్నింటిలో తక్కువుంటే రింగులనకండి

ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, హెచ్‌ఈఐ అయితే బ్యాట్ వైరు పీకి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా ఛార్జైన బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌ను నాలుగైదు పోట్లు తిప్పండి. స్టాక్ 350కి సుమారు 150 పీఎస్‌ఐ వస్తుంది. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అన్నింటికంటే తక్కువది ఎక్కువదానిలో 75 శాతం కంటే తగ్గకూడదు. తక్కువొచ్చినచోట ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది.

ఎనిమిదిట్లోనూ సమానంగా 90, 100 చూపిస్తుంటే? కొత్త రింగులు ఇంకా సెట్టవ్వలేదని సర్దిచెప్పుకుంటూ బండి నడిపేస్తుంటారు. రింగులు ఎనిమిదింటిలో ఒకే మోతాదులో ఫెయిలవడం అరుదు. ముందు రెండు అనుమానాలు తీర్చుకోండి.

ఒకటి, వాల్వులు ఎక్కువ బిగించారు. హైడ్రాలిక్ ట్యాపెట్లను ఇంజన్ ఆపి సెట్ చేసేటప్పుడు పుష్ రాడ్‌ను వేళ్లతో పైకీ కిందికీ ఆడించి చూడాలి. ఆట సరిగ్గా పోయే బిందువు సున్నా, అక్కడి నుంచి సగం చుట్టు. పుష్ రాడ్‌ను గుండ్రంగా తిప్పుతూ, తిరగడం బరువయ్యేదాకా బిగిస్తే సున్నా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఎందుకంటే కొత్త ట్యాపెట్‌లో ఆయిల్ లేనప్పుడు లోపలి ప్లంజర్ సులువుగా కుంగుతుంది. దాని మీద ఇంకో సగం, ముప్పావు చుట్టు వేస్తే ఆయిల్ ఎక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. మళ్లీ చేయడానికి వరుస గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం మొదలవగానే ఇన్‌టేక్‌ను సెట్ చేయాలి. ఇన్‌టేక్ పూర్తిగా తెరుచుకుని దాదాపు మూసుకునే దశలో ఎగ్జాస్ట్‌ను సెట్ చేయాలి.

రెండు, క్యామ్ ఒక పన్ను వెనకబడి ఉంది. క్యామ్ ఆలస్యమైతే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుని, లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, కంప్రెషన్ అన్నింట్లో ఒకేలా పడుతుంది. మార్కెట్లో దొరికే టైమింగ్ సెట్లలో క్రాంక్ గేర్‌కు మూడు కీవేలు, మూడు రకాల గుర్తులు ఉంటాయి. ఒక కీవేలో గేర్ ఎక్కించి ఇంకో కీవే గుర్తుతో కలపడం తరచూ జరిగే పొరపాటు. టైమింగ్ కవర్ విప్పకుండా నిర్ధారించుకోవాలంటే డిగ్రీ వీల్, డయల్ గేజి పెట్టి ఒకటో ఇన్‌టేక్ లిఫ్ట్ గరిష్ఠానికి ఎన్ని డిగ్రీల దగ్గర వస్తుందో కొలిచి క్యామ్‌తో పాటు వచ్చే కార్డుతో పోల్చండి.

కంప్రెషన్ గేజి ఎంత పోతోందో చెప్తుంది, ఎటు పోతోందో చెప్పేది లీక్‌డౌన్ టెస్టర్. పిస్టన్‌ను ఫైరింగ్ టీడీసీలో నిలిపి 100 పీఎస్‌ఐ గాలి పంపండి. సరిగ్గా కట్టిన ఇంజన్‌లో 10 శాతానికి మించి కారకూడదు. 20 దాటితే చెవి పెట్టండి: కార్బురేటర్‌లో బుసబుస వినబడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు.

లోబు అరిగితే కార్బురేటర్ దగ్గుతుంది

పాత ఇంజన్ల క్యామ్ మీద ట్యాపెట్లు రోలర్లు కావు, బల్లపరుపు రకం. లోబుకు (క్యామ్ మీద వాల్వును ఎత్తే గుబ్బ), ట్యాపెట్‌కు మధ్య ఒత్తిడి విపరీతం కాబట్టి మొదటి స్టార్ట్ తర్వాత 20 నుంచి 30 నిమిషాల పాటు 2000–2500 ఆర్‌పీఎం దగ్గర నడపాలి, స్లోలో వదిలేయకూడదు. ఆ వేగంలోనే క్రాంక్ చిమ్మే ఆయిల్ లోబుల మీద బాగా పడుతుంది. ఆయిల్‌లో జింక్ ఉండాలి. ఇప్పటి పెట్రోలు కార్ల 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం ఫాస్ఫరస్‌ను 800 పీపీఎమ్‌కు పరిమితం చేశారు, దాంతో జింకూ తగ్గింది. బ్రేక్-ఇన్ ఆయిల్ విడిగా కొనడం ఖర్చు దండగ అనిపిస్తుంది గానీ, అరిగిన లోబు పొడి ప్రతి బేరింగులోకీ వెళ్తుంది, అప్పుడు ఇంజన్ మొత్తం మళ్లీ విప్పాల్సిందే.

అరుగుదల లక్షణం గమ్మత్తుగా ఉంటుంది. ఎగ్జాస్ట్ లోబు అరిగితే కాలిన వాయువు బయటికి పోయే దారి మూతపడుతుంది. ఇన్‌టేక్ తెరుచుకోగానే అదంతా వెనక్కి తన్ని కార్బురేటర్‌లోంచి లయగా పట్, పట్ అని వస్తుంది. టైమింగ్ మార్చినా మిక్స్చర్ మార్చినా ఆగదు, కంప్రెషన్ మాత్రం మామూలుగానే ఉంటుంది. వాల్వ్ కవర్ విప్పి, రాకర్ వదులు చేసి, పుష్ రాడ్ పైన డయల్ గేజి ఆనించి క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. స్టాక్ 350లో లోబు లిఫ్ట్ ఇన్‌టేక్‌కు సుమారు 0.260, ఎగ్జాస్ట్‌కు 0.273 అంగుళం. మీ క్యామ్ వేరేదైతే అంకె వేరు కావచ్చు, కానీ ఎనిమిది ఇన్‌టేక్‌లూ తమలో తాము, ఎనిమిది ఎగ్జాస్ట్‌లూ తమలో తాము సరిపోవాలి. ఒకటి 0.020 తక్కువొచ్చినా ఆ లోబు పోతున్నట్టే. ఇంజన్ నడుస్తుండగా పుష్ రాడ్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతుండాలి. తిరగనిదాని కింద ట్యాపెట్ నిలిచిపోయింది.

బ్రేక్-ఇన్ తర్వాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూడటం మానకండి. ఫిల్టర్ కట్టర్‌తోనే కోయండి, హ్యాక్‌సా వాడితే దాని రజను లోపల పడి లేనిపోని కంగారు పెడుతుంది. కాగితపు మడతలు విప్పి, పిండి, తెల్లటి గుడ్డ మీద ఆరనిచ్చి అయస్కాంతం తిప్పండి. మొదటి ఫిల్టర్‌లో సన్నటి బూడిదరంగు మెరుపు కొద్దిగా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. అయస్కాంతానికి అంటే పలుకులు క్యామ్, ట్యాపెట్లవి. అంటని వెండిరంగు రేకులు బేరింగులవి. రాగిరంగు కనబడిందంటే బేరింగు పైపొర దాటి అరిగింది, ఇంజన్ ఇక తిప్పకండి.

ఆయిల్ ప్రెషర్

ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ అనేది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. ప్రెషర్ తక్కువ చూపిస్తే డ్యాష్‌బోర్డు గేజిని నమ్మకుండా బ్లాకు వెనక, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే సెండర్ విప్పి అక్కడ మెకానికల్ గేజి పెట్టండి. అదీ తక్కువే అంటే కట్టేటప్పుడు మరిచిపోయినవి వెతకాలి. టైమింగ్ కవర్ వెనక ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులు మూడుంటాయి. బ్లాకును కాస్టిక్ ట్యాంకులో కడిగించినప్పుడు తీసినవాటిలో ఒకటి తిరిగి వేయకపోతే ఆయిల్ నేరుగా సంప్‌లోకి పోతుంది. వెనక మెయిన్ క్యాప్ కింద దాగి ఉండే చిన్న ప్లగ్ ఇంకోటి ఉంది. అది లేకపోతే ఆయిల్ ఫిల్టర్ గుండా పోకుండా అడ్డదారి పడుతుంది. పంపు పికప్ జల్లెడకు, సంప్ అడుగుకు మధ్య పావు నుంచి 3/8 అంగుళం ఖాళీ ఉండాలి. గొట్టం పంపులోకి బిగుతుగా దిగబడి ఉంటుందంతే, వదులై ఊడితే ప్రెషర్ ఒక్కసారిగా సున్నా.

స్టార్ట్ చేసేముందు డ్రిల్‌తో ప్రైమింగ్ చేస్తారు కదా, అక్కడొక మెలిక. స్మాల్ బ్లాక్‌లో డిస్ట్రిబ్యూటర్ ఒళ్లే ఆయిల్ గ్యాలరీకి గోడలా పనిచేస్తుంది. ఏదో పొడవాటి స్క్రూడ్రైవర్ బిట్ పెట్టి తిప్పితే ఆయిల్ ఆ రంధ్రంలోనే పైకి కారిపోయి ఒకవైపు ట్యాపెట్లకు అందదు. డిస్ట్రిబ్యూటర్ ఆకారంలో ఉండే ప్రైమింగ్ టూలే వాడాలి. గడియారం దిశలో తిప్పుతూ, మధ్యమధ్యలో క్రాంక్‌ను పావు చుట్టు చొప్పున కదుపుతూ, 16 రాకర్ల మీదా ఆయిల్ కారేదాకా ఆపకండి.

హెడ్లు, బ్లాకు పైతలం మిషనింగ్ చేయించి ఉంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కొంచెం కిందికి కూర్చుంటుంది, దానితో పాటు డిస్ట్రిబ్యూటర్ కూడా. అప్పుడు దాని అడుగు ఆయిల్ పంపు షాఫ్ట్‌ను నొక్కి, గేర్ పళ్లు అరిగిపోతాయి. క్లాంప్ బిగించాక షాఫ్ట్‌ను పైకీ కిందికీ లాగితే కొద్దిగా ఆట ఉండాలి. లేకపోతే కాలర్ కింద గ్యాస్కెట్ మందం పెంచండి.

మ్యానిఫోల్డ్ కింద పీల్చే గాలి

ఆ మిషనింగ్ వల్లే వచ్చే ఇంకో తంటా: మ్యానిఫోల్డ్ కోణం హెడ్లతో సరిగ్గా కలవదు, పోర్టుల అడుగు అంచున సన్నటి సందు మిగులుతుంది. పైనుంచి ఎంత కార్బ్ క్లీనర్ కొట్టినా దొరకదు, ఎందుకంటే గాలి పీల్చేది లోపలివైపు, ట్యాపెట్ల లోయలోంచి. గాలితో పాటు ఆయిల్ ఆవిరి కూడా లాగుతుంది, ప్లగ్గులు తడుస్తాయి, నీలిపొగ వస్తుంది, రింగులు పోయాయని ఇంజన్ మళ్లీ విప్పేస్తారు. పరీక్ష చాలా తేలిక. పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి లాగేది) తీసి రెండువైపులా మూయండి, బ్రీతర్ మూసేయండి, స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే రంధ్రం మీద అరచేయి పెట్టండి. కొత్త ఇంజన్‌లో కాస్త బయటికి తోయాలి. అరచేతిని లోపలికి లాగుతుంటే లీకు అక్కడే. మ్యానిఫోల్డ్‌ను గ్యాస్కెట్ లేకుండా పెట్టి ఫీలర్ గేజితో పైనా కిందా సందు కొలిచాకే కొత్త గ్యాస్కెట్ మందం నిర్ణయించండి. ముందూ వెనకా వచ్చే కార్క్ సీళ్లు పారేసి ఆ చోట సిలికాన్ లావుగా వేయడం మేలు.

వాక్యూమ్ గేజిలో స్టాక్ క్యామ్ ఉన్న ఇంజన్ 17 నుంచి 21 అంగుళాల దగ్గర కదలకుండా నిలవాలి. ముల్లు స్థిరంగా ఉండి 12, 14 మాత్రమే చూపిస్తే ఆలస్యపు టైమింగ్ లేదా గాలి లీకు. లయగా ఒకే చోట పడుతుంటే ఒక వాల్వు మూసుకోవడం లేదు. 2500 దగ్గర నిలిపి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ మూసుకుంది. పెద్ద క్యామ్ వేసి ఉంటే మాత్రం తక్కువ వాక్యూమ్, కొద్దిపాటి ఊగులాట దాని స్వభావమే.

ఇప్పుడు పెట్రోలు, కార్బురేటర్

పంపు ప్రెషర్ 4 నుంచి 7 పీఎస్‌ఐ. 1967–72 సి-10లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే సీటు వెనక ఉంటుంది. గాలి చొరబడని మూత పొరపాటున వేస్తే లోపల శూన్యం ఏర్పడి పావుగంట తర్వాత బండి ఆగుతుంది. మూత విప్పితే బుస్సుమంటుంది, అదే రుజువు. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే రబ్బరు గొట్టం పగిలితే పెట్రోలు బయటికి కారకుండా గాలిని లోపలికి పీల్చుతుంది కాబట్టి కింద తడి కోసం చూసి లాభం లేదు, గొట్టమే మార్చండి.

హోలీ కార్బురేటర్‌లో పక్క ప్లగ్ విప్పితే పెట్రోలు రంధ్రం అడుగు అంచున ఉండాలి. మిక్స్చర్ స్క్రూలు పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజన్ ఆగకపోతే థ్రాటిల్ పలకలు మరీ ఎక్కువ తెరుచుకుని ఉన్నాయి, స్లో స్క్రూతో వేగం పెంచి ఏదో లోపాన్ని కప్పేశారన్నమాట. చాలాసార్లు ఆ లోపం ఆలస్యపు టైమింగే. క్వాడ్రాజెట్ రకం కార్బురేటర్ అయితే అడుగునున్న ప్లగ్గులు కారి, రాత్రికి రాత్రి గిన్నె ఖాళీ అవుతుంది, పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తుంది. ఇంజన్ ఆపి థ్రాటిల్ లివర్ కదిపినప్పుడు మొదటి క్షణంలోనే రెండు పెట్రోలు ధారలు రావాలి. ఆలస్యమైతే యాక్సిలరేటర్ వేయగానే తొట్రుపడుతుంది.

వేడెక్కడం

కొత్త ఇంజన్ కొన్ని వందల మైళ్లు కాస్త వేడిగానే నడుస్తుంది, కానీ ముల్లు ఎర్రగీత వైపు ఎక్కుతూ పోకూడదు. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కితే ఫ్యాన్, దాని కవచం చూడండి. వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే రేడియేటర్, కింది గొట్టం, టైమింగ్ చూడండి. స్మాల్ బ్లాక్ హెడ్ బోల్టులు నీటి జాకెట్‌లోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ రాసి 65 అడుగు-పౌండ్లకు మూడు దఫాలుగా బిగించాలి. రాయకపోతే కూలెంట్ బోల్టు వెంట పైకెక్కి ఆయిల్‌లో కలుస్తుంది. 400 బ్లాకుకు 350 హెడ్లు వేస్తే వాటికి ఆవిరి రంధ్రాలు తొలవాల్సిందే. ఫోర్డ్ 302, 351 హెడ్ గ్యాస్కెట్ మీద ముందువైపు ఏదో చెప్పే గుర్తుంటుంది. తిరగేసి వేస్తే వెనకవైపు నీటిదారి మూసుకుపోయి, ఎన్ని రేడియేటర్లు మార్చినా వేడి తగ్గదు.

వణుకు, కొట్టుకునే శబ్దం

వేగంతో పాటు పెరిగే వణుకుంటే బ్యాలెన్స్ పార్టులు కలగాపులగం అయ్యాయేమో చూడండి. 350కి బ్యాలెన్స్ లోపలే ఉంటుంది. 400కు బయట, అంటే దాని బ్యాలెన్సర్, ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక బిగించే పళ్ల పలక) రెండూ దానివే కావాలి. 1986 నుంచి వెనక సీల్ ఒకే ముక్కగా మారినప్పుడు ఫ్లెక్స్‌ప్లేట్ కూడా మారింది, పాతది దానికి పనికిరాదు. ఫోర్డ్ 302లో 1980ల మొదటి దాకా 28 ఔన్సుల బ్యాలెన్స్, తర్వాత 50 ఔన్సులు. ఈ రెండూ కలిస్తే మెయిన్ బేరింగులు ఎక్కువ కాలం నిలవవు.

కింద నుంచి బరువుగా కొట్టుకుంటుంటే ఒక్కో ప్లగ్ వైరునూ వంతులవారీగా ఎర్త్‌కు తగిలించండి, హెచ్‌ఈఐలో వైరును ఊరికే గాలిలో వదిలేస్తే మాడ్యూల్ దెబ్బతింటుంది. ఏదో ఒక సిలిండర్ దగ్గర శబ్దం తగ్గితే కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఎక్కడా తగ్గకపోతే సంప్ విప్పే తొందర వద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి అయితే ముందు కింది కవర్ తీసి, ఫ్లెక్స్‌ప్లేట్‌ను కన్వర్టర్‌కు బిగించే మూడు బోల్టులకు స్పానర్ వేసి చూడండి. తర్వాత క్రాంక్ బోల్టుల చుట్టూ టార్చి వెలుగులో చుట్టుకొలత అంతా తిప్పుతూ చూడండి. అక్కడ వెంట్రుకవాసి పగులుంటే రాడ్ కొట్టుకున్నట్టే వినబడుతుంది, తుప్పురంగు పొడి గీతలా పేరుకుని ఉంటుంది.